లేవని గేదె

ప్రచురణకర్తకి పంపిన గేదె తిరిగొచ్చి, మూడో అంతస్తులో మా గుమ్మం ముందు నిలబడి, కొమ్ముతో బెల్లు నొక్కుతోంది. బెల్లు నొక్కడం దానికెవరు నేర్పారో నాకు తెలీదు. నేను గీసిన బొమ్మల్లో అయితే బెల్లు లేదు.

నేను పంపింది పుస్తకం. పదహారు పేజీల పిల్లల బొమ్మల పుస్తకం, పేరు ‘లేవని గేదె’. రాసిందీ నేనే, బొమ్మలేసిందీ నేనే. నచ్చకపోతే కాయితాలు వెనక్కి పంపడం మర్యాద. ఇక్కడ అలా చెయ్యరు. కాయితాలు బీరువాలో పడేసుకుని గేదెని పంపేస్తారు. అది సిటీ బస్సెక్కలేదు కాబట్టి పాపం ఏలూరు రోడ్డు పొడుగునా నడిచొస్తుంది.

“రా, కాళ్లు తుడుచుకో,” అంటున్నాను. ఇంకేమంటాను. మన గేదె.

అది హాల్లోకొచ్చి సోఫాకీ టీవీకీ మధ్య కూలబడుతోంది. కూలబడగానే దాని చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. పుస్తకంలో అది కాలవలో కూర్చుంటుంది. అందుకని అది ఎక్కడ కూర్చుంటే కాలవ అక్కడికి వస్తుంది. నేను చీపురు తెచ్చి నీళ్లని బాత్రూం వైపు తోస్తున్నాను.

కథ చెప్తాను, ఎంతోసేపు పట్టదు. కాటుక అనే గేదె కాలవలో కూర్చుంటుంది. కాకి వచ్చి లెమ్మంటుంది, లేవదు. పాలాయన వచ్చి లెమ్మంటాడు, లేవదు. వాన వచ్చి లెమ్మంటుంది, లేవదు. ఆఖరికి అందరూ విసిగిపోయి వాళ్లే నీళ్లలో దిగి పక్కన కూర్చుంటారు. అంతే కథ. ఎవరో ఒక పిల్ల దీన్ని ఒళ్లో పెట్టుకుని పేజీ తిప్పితే చాలు, నాకింకేం వద్దు. యాభైకి దగ్గరపడ్డాను. చీరలడిగాను, సెలవులడిగాను, గట్టిగా కోరుకున్నది మాత్రం ఇదొక్కటే.

తిరిగొచ్చిన గేదె నోట్లో ప్రచురణకర్త మాట ఉంటుంది. నెమరేస్తూ ఉంటే అదే బయటికొస్తుంది. నేను దాని ముందు పీట వేసుకుని కూర్చుంటున్నాను. కాసేపు దవడలు ఆడించి, అది ఒక మగ గొంతుతో అంటోంది: “మరకుందమ్మా. బుగ్గ మీద తెల్ల మరకుంది. మరకున్న బొమ్మ పిల్లలకెలా ఇస్తాం.”

మరకేంటి, నా మొహం. అది మా అత్తయ్య పెట్టిన దిష్టి చుక్క. నల్లటి గేదెకి కాటుక చుక్క పెడితే ఏం కనిపిస్తుందని, తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి వేలితో పెట్టారావిడ. ఆ వేలిముద్ర కూడా కనిపిస్తుంది దగ్గరగా చూస్తే.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, గేదెని చూసి మొహం చాటంత చేసుకుంటున్నారు. “వచ్చేసిందా. మంచిదైంది. బయట తిండి దానికి పడదు,” అంటున్నారు.

“అత్తయ్యా, అది తిరిగి రాకూడదు. వస్తే పుస్తకం అచ్చవనట్టు.”

“అవుతుందిలే అమ్మాయ్. ముందు దానికి కాస్త కుడితి పెట్టు.”

మా ఆయన ఆఫీసు నించి వస్తున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలో నడిచి, టీవీ పెట్టుకుంటున్నాడు. గేదె గురించి ఏమీ అనడు. ఈయనకి ఏదీ ఆనదు కదా అని నేనూ పట్టించుకోవడం లేదు.

నేను మళ్లీ మొదట్నించి గీస్తున్నాను. కాయితాలు వాళ్ల బీరువాలో ఉండిపోయాయి కదా. గేదె మెడ తిప్పి చూపిస్తోంది, ఇటు వైపు నించి గియ్యి అన్నట్టు. నలుపు పెట్టడం అన్నిటికన్నా కష్టం. ఒట్టి నలుపు పెడితే గొయ్యిలా ఉంటుంది, గేదెలా ఉండదు. కింద కాస్త నీలం వెయ్యాలి, ఆ పైన కాస్త బెల్లం రంగు, అప్పుడు నలుపు.

పదహారో పేజీ ఆరగానే అత్తయ్య సున్నం వేలితో సిద్ధంగా ఉన్నారు. ఆవిడ ప్రతి పేజీలోనూ గేదె బుగ్గ మీద ఒక్కో చుక్క పెడుతున్నారు. “ఇంత బాగా వచ్చినదాన్ని ఊరి మీదకి ఒట్టిగా పంపుతారా ఎవరైనా,” అంటున్నారు. పెద్దావిడ ముచ్చట, కాదనడానికి నాకు నోరు రావడం లేదు.

రెండో ప్రచురణకర్త చిదంబరం గారి దగ్గరికి నేనే స్వయంగా వెళ్తున్నాను. ఆయన గదిలో గోడల పొడుగునా ఆవకాయ జాడీలున్నాయి. మూతులకి గుడ్డలు కట్టి ఉన్నాయి. లోపల నీతులు ఊరుతున్నాయని ఆయన చెప్తున్నారు. కొన్ని వాళ్ల తాతగారు పెట్టినవట, ఇప్పటికీ చెడిపోలేదట.

ఆయన పుస్తకం తిరగేసి, కళ్లజోడు తీసి పక్కన పెడుతున్నారు. “కథ బాగుందమ్మా. కానీ చివర నీతి ఏది?”

“లేదండీ.”

“పిల్లల కథలో నీతి లేకపోతే వాళ్ల అమ్మానాన్నలు నన్నడుగుతారు. బద్ధకపు గేదె. దానికేదన్నా శిక్ష పడాలి కదా. కనీసం జలుబన్నా చెయ్యాలి.”

“గేదెకి నీళ్లలో జలుబు చెయ్యదండీ.”

“అదే మరి తప్పు,” అంటున్నారాయన. తరవాత సున్నపు చుక్క మీద వేలు పెట్టి, దాన్ని వదలకుండా చూస్తున్నారు. “మీరు కూడా తెలివైనవారే. ఇక్కడ కాస్త ఖాళీ ఉంచారు. సరిగ్గా నీతి పట్టేంత చోటు.”

ఒక జాడీ మూత విప్పి, చెక్క గరిటెతో ఒక నీతి తీసి, అరిటాకులో పెట్టి నాకిస్తున్నారు. ‘బద్ధకం తగదు’ అని ఉంది. ఇంకా నూనె ఓడుతోంది. దీన్ని అంటించి తీసుకొస్తే వచ్చే నెలలోనే వేసేస్తానంటున్నారు. అచ్చు అనే మాట వినగానే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్తోంది.

ఇంటికొచ్చి దాన్ని గేదె బుగ్గ మీద అంటిస్తున్నాను. అంటించగానే గేదె లేచి నిలబడుతోంది.

లేవని గేదె లేచి నిలబడితే ఎలా ఉంటుందో నేనెప్పుడూ అనుకోలేదు. నీళ్లు నేలలోకి ఇంకిపోతున్నాయి. అది తల దించుకుని, బాల్కనీలో తాడు మీది బట్టలు తీసి మడత పెడుతోంది. తరవాత కంచాలు కడుగుతోంది. తరవాత ఒక మూల నిలబడి, ఇంకేమన్నా పనుందా అన్నట్టు నా వైపు చూస్తోంది. ఇలాంటి గేదె పక్కన ఏ పిల్లా వచ్చి కూర్చోదు.

గబగబా ఆ నీతిని పీకేస్తున్నాను. గేదె హమ్మయ్య అన్నట్టు కూలబడుతోంది, నీళ్లు తిరిగొస్తున్నాయి. ఆ నీతిని అత్తయ్య పెరుగన్నంలో నంజుకుంటున్నారు. ఉప్పెక్కువైందట.

ఇంకోసారి గీస్తున్నాను. ఇంకోసారి అత్తయ్య చుక్కలు పెడుతున్నారు.

మూడో ఆయన ఆఫీసులో బల్లకి బదులు బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది. ఆయన పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, కాటా మీద దులుపుతున్నాడు. మాటలన్నీ టపటపా రాలుతున్నాయి. ముల్లు కదలడం లేదు.

“గుప్పెడు కూడా లేవమ్మా,” అంటున్నాడు.

“బొమ్మలున్నాయి కదండీ. కథంతా బొమ్మల్లోనే ఉంది.”

“బొమ్మలు తూకంలోకి రావు. ఇది పుస్తకం కాదు, మౌనవ్రతం.” పేజీ నా వైపు తిప్పి, గేదె బుగ్గ చూపిస్తున్నాడు. “అయినా మీరే సున్నా వేసుకుని తెచ్చారుగా. నన్నెందుకు అడగడం.”

నేను కాటా మీది మాటలు కొంగులోకి ఏరుకుంటున్నాను. లెక్కకి ఒకటి తగ్గుతోంది. ‘లేవదు’ అనే మాట కాటా కిందకి దొర్లిపోయింది. మోకాళ్ల మీద వంగి, దుమ్ములో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. పైన ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుకుంటున్నాడు. మాట దొరుకుతోంది. దాన్ని చీరకి తుడిచి, నోట్లో పెట్టుకుని, బయటికొచ్చేస్తున్నాను. నోట్లో పెట్టుకోకపోతే ఏడ్చేస్తానని భయం.

ఇంటికొచ్చాక ఎలాగూ ఏడుస్తున్నాను. గేదె కన్నా ముందే వచ్చాను కాబట్టి దాని చోట్లో కూర్చుని ఏడుస్తున్నాను. ఎవరి కోసం ఈ బాధంతా. ఎవరడిగారు నన్ను. మా ఆయన కొలీగు భార్య చీరల వ్యాపారం పెట్టి చక్కగా ఉంది. నేను గేదెని గీసుకుంటూ కూర్చున్నాను. గేదె వచ్చి, తడి మూతితో నన్ను పక్కకి నెట్టి, తన చోట్లో తను కూర్చుంటోంది. కాస్త జరిగి నాకూ చోటిస్తోంది.

అలా ఇంకా చాలామంది దగ్గరికి వెళ్తున్నాను. ఎక్కడికెళ్లినా గేదె నా వెనకాలే తిరిగొస్తోంది. ఒకాయన ఆ చుక్కని చంద్రుడనుకుని, చంద్రుడుంటే ఆకాశం ఎందుకు లేదని అడుగుతున్నాడు. ఒకావిడ అది అప్పడమనుకుని వంటల పుస్తకాలు పక్క వీధిలో వేస్తారని చెప్తోంది. నేను తిరిగొచ్చి మళ్లీ నీలం వేస్తున్నాను, మళ్లీ బెల్లం రంగు, మళ్లీ నలుపు. ఇప్పుడు నా నలుపు చాలా బాగా వస్తోంది. నా మటుకు నాకే ముద్దొస్తోంది. హాల్లో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

అప్పుడు కింద ఫ్లాట్ రత్నమాంబ గారు పైకొస్తున్నారు. వాళ్ల పడగ్గదిలో చినుకులు పడుతున్నాయట, మంచం మీద గొడుగు వేసుకుని పడుకుంటున్నారట.

“చూడండి, మీరే చూడండి,” అని నేను తలుపు బార్లా తీస్తున్నాను. ఇంత గేదె ఉంటే నీళ్లు రాక ఏమవుతాయి, ఆవిడే అర్థం చేసుకుంటుందని.

ఆవిడ హాలంతా కలయజూస్తున్నారు. సోఫా చూస్తున్నారు. టీవీ చూస్తున్నారు. తరవాత ముక్కు మీద వేలేసుకుని ఒకే చోటికి చూస్తున్నారు. “అదేంటండీ హైమ గారూ, మీ హాల్లో గాల్లో సున్నపు చుక్క వేలాడుతోంది?”

“చుక్కా? గేదె బుగ్గ మీదదండీ.”

“గేదేంటి?”

ఆవిడ గేదె పక్కనే నిలబడి ఉన్నారు. ఆవిడ చెయ్యి దాని వీపు మీదే ఉంది, గోడ పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆవిడకి చుక్క తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

మరకన్నాయన, ఖాళీ అన్నాయన, సున్నా అన్నాయన, అప్పడమన్నావిడ. ఒక్కళ్లూ గేదెని చూడలేదు. చూపు తగలకూడదని పెట్టిన చుక్క చూపుల్నన్నిటినీ తన దగ్గరే ఆపేసింది. మా అత్తయ్య పెట్టిన చుక్కంటే మరి చుక్కే. అంత బాగా పనిచేసింది.

రత్నమాంబ గారిని కూర్చోబెట్టి నేను వంటింట్లోకి వెళ్తున్నాను. అత్తయ్య కూర తరుగుతున్నారు.

“అత్తయ్యా, ఆ చుక్క తీసెయ్యాలి.”

ఆవిడ కత్తిపీట ఆపుతున్నారు. “తీసేస్తే?”

“తీసేస్తే కనిపిస్తుంది.”

“అదే నా భయం. నీకు తెలీదు అమ్మాయ్, జనం కళ్లు మంచివి కావు. అంత నిగనిగలాడేదాన్ని ఊరందరి ముందూ పెడితే దానికేమన్నా అయితే? నువ్వు మళ్లీ కూర్చుని ఏడిస్తే నేను చూడగలనా?”

నాకు కోపం వస్తోంది, ఆవిడ మీద ప్రేమా వస్తోంది. “ఎవరి కళ్లా పడకూడదంటే బీరువాలో పెట్టి తాళం వేసుకుందాం అత్తయ్యా. నేను గీసిందే చూడ్డానికి. చూపు తగిలితే తగలనీ. తగలకుండా ఇన్నాళ్లూ చచ్చాను.”

అత్తయ్య లేచి, కొంగు తడి చేసుకుని, హాల్లోకొచ్చి గేదె బుగ్గ తుడుస్తున్నారు. చుక్క చెరిగిపోదు, ఎక్కడో ఒకచోట ఉండాలి దానికి. కొంగు మీంచి ఆవిడ వేలికి వస్తోంది. ఆవిడ కాస్త ఆలోచించి, దాన్ని తన బుగ్గ మీద పెట్టుకుంటున్నారు.

“అయ్యో రామా, ఇంత గేదె ఎక్కడ్నించి వచ్చింది,” అంటున్నారు రత్నమాంబ గారు, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని. తరవాత ఆ చెయ్యి మళ్లీ పెట్టి నిమురుతున్నారు. “ఎంత బాగుంది. అవునూ, మీ అత్తగారేరి? ఇప్పుడే ఇక్కడున్నారు.”

అత్తయ్య ఆవిడ ఎదురుగానే ఉన్నారు. రత్నమాంబ గారికి మాత్రం మనిషెత్తున ఒక తెల్లచుక్క కనిపిస్తోంది. నేను పుస్తకం సంగతి చెప్తే, బందరు కాలవ ఒడ్డున మెహరున్నీసా గారని ఒకావిడ పిల్లల పుస్తకాలే వేస్తారని, గేదెని అక్కడికి తీసుకెళ్లమని ఆవిడే చెప్తున్నారు. చినుకుల సంగతి మర్చిపోయి కిందకి దిగుతున్నారు.

మేము బయల్దేరుతున్నాం. నా భుజాన సంచిలో పేజీలు, పక్కన గేదె, ఆ పక్కన గాల్లో నడిచొచ్చే చుక్క. ఇవాళ గేదె మొదటిసారిగా వెళ్లే వైపు నడుస్తోంది.

ఊరంతా చూస్తోంది. చూపులు నిజంగానే తగులుతున్నాయి, అత్తయ్య చెప్పింది అబద్ధం కాదు. బట్టల కొట్టు ఆయన గల్లా ముందు నించి ఒక చూపు విసురుతున్నాడు. గేదె ఎడమ కొమ్ము పుటుక్కున విరుగుతోంది. బస్సు కిటికీల్లోంచి అందరూ ఒకేసారి చూస్తున్నారు. చెవి వాలిపోతోంది. “అబ్బ, ఎంత నలుపో,” అంటోంది స్కూటీ మీద ఒకమ్మాయి. వీపు మీది నలుపు పెచ్చులు పెచ్చులుగా ఊడి రోడ్డు మీద పడుతోంది. నేను ఏరుకుని సంచిలో వేసుకుంటున్నాను. సంచిలో ఉన్న పేజీల మీద కూడా అదే కొమ్ము విరిగి ఉంటుందని నాకు తెలుసు.

“వెనక్కి వెళ్దాం అమ్మాయ్,” అంటోంది చుక్క. “చుక్క పెట్టేస్తాను. బతికి బట్టకడుతుంది.”

నేను గేదె మొహంలోకి చూస్తున్నాను. కుంటుతోంది కానీ ఆగడం లేదు. “వద్దత్తయ్యా. ఇంకొంచెం దూరమే,” అంటున్నాను. ఎంత దూరమో నాకు తెలీదు.

మెహరున్నీసా గారి ఇంట్లో కింద ప్రెస్సు, పైన ఆఫీసు. ఆవిడ సన్నగా, నెరిసిన జుట్టుతో, కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. గేదెని మెట్లెక్కనిచ్చి, కూర్చోమంటున్నారు. అది కూర్చుంటోంది. నీళ్లు వస్తున్నాయి. చుక్క ఒక కుర్చీలో కూర్చుంటోంది.

ఆవిడ పేజీలు తిప్పుతున్నారు. తొందర లేదు ఆవిడకి. పెదాలు మెల్లగా కదుపుతూ చదువుతున్నారు, వేలితో బొమ్మ మీద దారి గీసుకుంటూ చూస్తున్నారు. ఇన్నాళ్లలో నా పేజీ మీద ఎవరి వేలైనా నడవడం ఇదే మొదలు.

“ఈ కొమ్ము విరిగిందేం?”

“దారిలో చూపు తగిలిందండీ.”

“ఎవరిది?”

“పెద్దవాళ్లది.”

“పోనివ్వండి. మనం వేసేది పెద్దవాళ్ల కోసం కాదుగా.”

మనం అంటున్నారావిడ. నేను సరిగ్గానే విన్నానా అని చుక్క వైపు చూస్తున్నాను. చుక్క నిటారుగా అయింది.

ఆవిడ పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, మళ్లీ తెరుస్తున్నారు. “ఒక్కటే అడుగుతాను. ఇది ఎప్పుడు లేస్తుంది?”

నాకు చిదంబరం గారి జాడీలు గుర్తొస్తున్నాయి, కాటా ముల్లు గుర్తొస్తోంది. సాయంత్రం లేస్తుందండీ అంటే సరిపోతుందేమో. రేప్పొద్దున లేచి పాలిస్తుందండీ అంటే మురిసిపోతారేమో. అన్ని పనులూ చేసి, మూల నిలబడి నన్ను చూసిన ఆ కళ్లు కూడా గుర్తొస్తున్నాయి.

“లేవదండీ,” అంటున్నాను. “ఎన్నిసార్లు చదివినా లేవదు.”

“అదే నేనూ చూసుకుంటున్నాను. లేస్తే నేను వెయ్యను,” అంటున్నారు మెహరున్నీసా గారు. చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, పాదాలు నీళ్లలో పెట్టుకుంటున్నారు. పెట్టుకుని హాయిగా నిట్టూరుస్తున్నారు. సంతోషంతో నేనూ నీళ్లలోనే కూర్చుంటున్నాను.

అచ్చు మొదలవుతోంది. పదహారు పేజీలూ ఒకే పెద్ద కాయితం మీద పడాలి, సగం పేజీలు తలకిందులుగా. మడిచి కోస్తే అన్నీ సరిగ్గా వస్తాయట. గేదె ఆ కాయితం మీద పడుకుని, సగం అటు, సగం ఇటు తిరిగి చూపిస్తోంది. దానికి కొత్తేమీ కాదు, పడుకోవడమే కదా పని.

మిషన్ నడిపే దానియేలు గారు పైకొచ్చి తల గోక్కుంటున్నారు. “నలుపు చాలదండీ. ఇంత నలుపు మా దగ్గర లేదు. ఊళ్లో ఎక్కడా లేదు.”

ఈ మాట ఎలా పాకుతోందో గానీ జనం వచ్చేస్తున్నారు. నా సంచిలో పెచ్చులు నేనిస్తున్నాను. కోర్టు నించి లాయర్లు కోట్లు విప్పి పిండి ఇస్తున్నారు, తెల్ల చొక్కాలతో నవ్వుకుంటూ వెళ్తున్నారు. రత్నమాంబ గారు జుట్టుకి రంగేసుకునే సీసా తెస్తున్నారు. ఆ స్కూటీ అమ్మాయి తన నీడ మడిచి తెచ్చి, సరిపోతుందా అని అడుగుతోంది. కాకులు వరసగా వచ్చి కిటికీలో వాలి, ఒక్కొక్కటీ ఒక్కో ఈక నలుపు వదిలి, బూడిదరంగులో ఎగిరిపోతున్నాయి. రాబోయే అమావాస్య ముందుగానే వచ్చి తన డబ్బా తను ఒంపి వెళ్తోంది. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో నాకెవరూ లేరనుకున్నాను. దానియేలు గారు చాలు చాలంటున్నా ఆగడం లేదు.

మొదటి కాపీ వేడిగా ఉంది. అట్ట మీద గేదె, గేదె కింద నా పేరు. హైమావతి. నా పేరుని నేను గోరుతో గీకి చూస్తున్నాను, ఊడుతుందేమోనని. ఊడటం లేదు. గట్టిగా పట్టుకుంది.

అత్తయ్య బుగ్గ మీది చుక్క తుడుచుకుని పూర్తిగా కనిపిస్తున్నారు. “ఇప్పుడు నేను కనపడకపోతే ఎలా అమ్మాయ్. నా కోడలు వేసిన పుస్తకమని నలుగురికీ చెప్పేదెవరు?” అంటున్నారు. చుక్కని వేలి మీద పట్టుకుని నా చుట్టూ తిరిగి చూసి, నా పాదం ఎత్తించి, అరికాల్లో పెడుతున్నారు. అక్కడైతే ఎవరి చూపూ ఆగదట.

కాపీలు కుట్టి బయటపెట్టిన రోజు పొద్దున్నే ప్రెస్సు తలుపులోంచి గేదెలు బయటికొస్తున్నాయి. ఎన్ని కాపీలో అన్ని గేదెలు. అన్నీ ఒక కొమ్ముతో, వాలిన చెవితో కుంటుతూ బయల్దేరుతున్నాయి. సందులోకి తిరగ్గానే పిల్లలు చూస్తున్నారు. పిల్లల చూపు పడినచోటల్లా నలుపు తిరిగొస్తోంది. చెవులు నిక్కుతున్నాయి. ఒక పిల్లాడు కళ్లార్పకుండా చూస్తుంటే ఎడమ కొమ్ము ములక్కాడ పెరిగినట్టు పెరిగి, కుడి దానికన్నా పొడుగవుతోంది. బాగుంది, అలాగే ఉండనీ అనుకుంటున్నాను.

చిదంబరం గారు తన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. “నీతి లేకుండానే నడుస్తున్నాయే,” అంటున్నారు. ఆయన చేతిలో గరిటె ఉంది. ఒక గేదె ఆయన గుమ్మం ముందు ఆగి కూర్చుంటోంది. కాసేపు అటూ ఇటూ చూసి ఆయన పంచె ఎగ్గట్టుకుంటున్నారు. నాకు ఆయన మీద కోపమేమీ మిగల్లేదు.

మా హాలు పొడిగా ఉంది. సోఫాకీ టీవీకీ మధ్య ఎవరూ లేరు. “మన గేదేది?” అని మా ఆయన అడుగుతున్నాడు. ఆ ఖాళీ చోటు చుట్టూ తిరిగి వెళ్లి కూర్చుంటున్నాడు. మన గేదె అన్నాడు కదా, అది చాలు నాకు.

సాయంత్రం డాబా మీద రత్నమాంబ గారి మనవరాలు కుందన వచ్చి నా ఒళ్లో కూర్చుంటోంది. దానికి ఇంకా అక్షరాలు రావు. పుస్తకం దాని చేతుల్లో ఉంది. పేజీలు అదే తిప్పుతోంది, నేను చదువుతున్నాను. కాకి వస్తుంది, లేవదు. పాలాయన వస్తాడు, లేవదు. మూడోసారి నేను నోరు తెరిచేలోపే కుందన అంటోంది, “లేవదు.” ఎంత గట్టిగా అంటోందంటే పక్క డాబా మీది వాళ్లు తలెత్తి చూస్తున్నారు.

కథ అయిపోతోంది. కృష్ణ మీద సూర్యుడు సగం మునిగి ఉన్నాడు. కింద వీధిలో ఆఫీసుల నించి జనం ఇళ్లకొస్తున్నారు, రత్నమాంబ గారి కుక్కరు కూత పెడుతోంది.

“మళ్లీ,” అంటోంది కుందన.

సూర్యుడు ఆగుతున్నాడు. ఒక్క క్షణం మా డాబా వైపు చూసి, నీళ్లలోంచి పైకి లేస్తున్నాడు. పిల్ల అడిగితే వెలుతురు ఉండాలి కదా, చీకట్లో బొమ్మలెలా కనిపిస్తాయి. కింద జనం వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఆఫీసులకి వెళ్తున్నారు. కుక్కరు తన కూతని తిరిగి లోపలికి తీసుకుంటోంది. ఎవరూ గొణగడం లేదు.

చదువుతున్నాను. పదహారో పేజీ దగ్గర సూర్యుడు మళ్లీ దిగుతున్నాడు, నడుం దాకా.

“మళ్లీ.”

మళ్లీ ఎక్కుతున్నాడు. ఇప్పటికి చాలాసార్లయింది. నా గొంతు బొంగురుపోయింది, ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. అయినా నాకు ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. బతికున్నంతకాలం ఈ ఒక్క సాయంత్రమే అయినా నాకు చాలు.

“మళ్లీ,” అంటోంది కుందన, పుస్తకం మొదటికి తిప్పి.

సూర్యుడు అటు కొండ మీద ఒక చెయ్యీ, ఇటు మా పిట్టగోడ మీద ఒక చెయ్యీ ఆనించి, మోకాళ్లు కూడదీసుకుని, ఒంటి మీంచి నీళ్లు కారుతుండగా మెల్లగా పైకి లేస్తున్నాడు. తడి చెయ్యి పుస్తకానికి తగలకుండా కాస్త పక్కకి జరుపుకుంటున్నాడు. నేను గొంతు సవరించుకుని మొదటి పేజీ చదువుతున్నాను.